నార్వే ఫ్యోర్డుల్లో పడవ ప్రయాణం: ప్యాకేజీ లేకుండా సొంతంగా ఎలా చేయాలి

నార్వే వెళ్లబోయేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు నాలుగే. ఏ ఫ్యోర్డుకి వెళ్లాలి? టికెట్లు ముందే కొనాలా? పడవలో ఏ వైపు నిలబడాలి? శాకాహారం దొరుకుతుందా? వీటికి జవాబులు వరుసగా చెబుతాం. వాటికంటే ముందు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. పడవలో ఉండేది రెండు గంటలే, అక్కడ చెడేదేమీ లేదు. పడవకు ముందు ఎక్కే రైలు, దిగాక అందుకోవాల్సిన బస్సు దగ్గరే చాలామంది ప్రయాణం చెడుతుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఒకటి దిగి మరొకటి అందుకోవడం గురించే.

ఫ్యోర్డు అంటే మంచు యుగంలో హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం వచ్చి నిండిన చోటు. పాపికొండల మధ్య గోదావరిని చూసినవాళ్లకు పోలిక చప్పున అందుతుంది. అయితే ఇది నది కాదు, ఉప్పునీరు. నార్వేలో అతి పొడవైన సోగ్నెఫ్యోర్డ్ సముద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకు వస్తుంది, లోతు 1,300 మీటర్లు దాటుతుంది. చుట్టూ కొండల అడ్డు ఉండటంతో లోపలి ఫ్యోర్డుల్లో అలలు దాదాపు ఉండవు. సముద్ర ప్రయాణం పడనివాళ్లు కూడా భయపడనక్కర్లేదు.

ముందు దారి తేల్చుకోండి

మొదటిసారి వెళ్తున్నారా, చేతిలో ఉన్నది ఒకటి రెండు రోజులేనా? అయితే పశ్చిమ నార్వేలోని ఫ్లోమ్, గుడ్వాంగెన్ అనే రెండు చిన్న ఊళ్ల మధ్య నడిచే పడవ ఎక్కండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఫ్లామ్ అని కనిపించినా పలకడం ఫ్లోమ్. ఈ పడవ ఔర్లాండ్స్‌ఫ్యోర్డ్ మీదుగా నేరోయ్‌ఫ్యోర్డ్‌లోకి వెళ్తుంది. ఈ రెండూ సోగ్నెఫ్యోర్డ్ పాయలే. నేరోయ్ వెడల్పు అతి ఇరుకైన చోట 250 మీటర్లు మాత్రమే. 2005లో గైరాంగెర్‌ఫ్యోర్డ్‌తో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏడాది పొడవునా పడవలుంటాయి, రెండు కొసలకూ ప్రజా రవాణా ఉంది. ఈ గైడు ప్రధానంగా ఈ దారి గురించే.

జలపాతాలే ముఖ్యం, అద్దె కారు కూడా ఉంది అనుకుంటే గైరాంగెర్–హెల్లెసిల్ట్ కారు ఫెర్రీ చూడండి. గంటా అయిదు నిమిషాల ప్రయాణం. సెవెన్ సిస్టర్స్ జలపాతం ఈ దారిలోనే ఉంది. ఇది వేసవి నెలల దారి, చలికాలంలో నడవదు.

తీరం వెంబడి ఉత్తరానికి వెళ్లాలనుకునేవాళ్లకు పశ్చిమ తీర నగరం బెర్గెన్ నుంచి ఉత్తరం కొసనున్న కిర్కెనెస్ దాకా తీరనౌకలున్నాయి. వాటి గురించి చివర్లో.

కావలసినవి

షెంజెన్ వీసా. నార్వే ఐరోపా సమాఖ్యలో లేదు కానీ ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంజెన్ బృందంలో ఉంది. నార్వేలోనే ఎక్కువ రాత్రులు గడిపేట్టయితే నార్వేకే దరఖాస్తు చేయాలి. ముందు యూడీఐ (నార్వే వలసల శాఖ) వారి పోర్టల్‌లో ఫారం నింపి, తర్వాత దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు ఇవ్వచ్చు. ఆఖరి 15 రోజుల దాకా ఆగకండి, ఒక్కోసారి నిర్ణయానికి 45 రోజులు పడుతుంది. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

ఫోన్‌లో మూడు యాప్‌లు. ఎంటూర్ (Entur)లో దేశమంతటి రైళ్లు, బస్సులు, పడవల వేళలు ఒకేచోట దొరుకుతాయి. రైలు టికెట్లకు వీ (Vy). వాతావరణానికి ఇర్ (Yr). ఇర్ అక్కడి వాతావరణ సంస్థ, ప్రభుత్వ ప్రసార సంస్థ కలిసి నడిపేది.

అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన కార్డు, పిన్ నంబరు. నోట్ల అవసరం దాదాపు రాదు.

బట్టలు మనిషికి ఇలా: ఒంటికి అంటుకునే ఉన్ని లేదా థర్మల్ చొక్కా 1, మధ్యలో స్వెట్టరు 1, గాలీ వానా ఆపే జాకెట్ 1, చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు. జులైలో కూడా ఇవన్నీ కావాలి. ఒడ్డున 18 డిగ్రీలున్నా కదిలే పడవ డెక్ మీద గాలి కొడితే చేతులు కొంకర్లు పోతాయి. గొడుగు వద్దు, డెక్ మీద అది తిరగబడుతుంది, వెనకవాళ్లకు అడ్డం కూడా. బెర్గెన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వాన రాదనుకుని బయల్దేరకండి.

తిండి. మన సామానులో ఏది పెట్టుకోవచ్చో ముందే తెలుసుకోవాలి. ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు, బంగాళదుంపలు నార్వేలోకి తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. కందిపొడి, కారప్పొడి, అటుకుల మిక్స్చర్ లాంటి పొడి సరుకుతో ఇబ్బంది లేదు. వాటినీ సీలు వేసిన ప్యాకెట్లలో, పేరు రాసి పెట్టుకోండి.

ఇక వరుసగా

1. నెల ఎంచుకోండి.

మే మధ్య నుంచి జూన్ చివరి వరకు మా మొదటి సలహా. కొండల మీద మంచు కరిగి జలపాతాలన్నీ నిండుగా దూకుతుంటాయి, శిఖరాల మీద ఇంకా తెల్లదనం ఉంటుంది, రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది. జులై, ఆగస్టుల్లో రద్దీ ఎక్కువ. ఆగస్టు చివరికి చాలా జలపాతాలు సన్నబడతాయి. సెవెన్ సిస్టర్స్‌లో ఏడు ధారలూ కనిపించాలంటే మంచు కరిగే రోజుల్లోనో, పెద్ద వాన పడ్డ మర్నాడో వెళ్లాలి. ఎండలు కాసిన ఆగస్టులో మూడు నాలుగు ధారలే మిగులుతాయి. సెప్టెంబరు చివర ఆకులు పసుపెక్కుతాయి, జనం తగ్గుతారు, కానీ పడవలూ తగ్గుతాయి. డిసెంబరులో బెర్గెన్ వైపు పగలు ఆరు గంటలే. అప్పుడు వెళ్తే మధ్యాహ్నం పడవ తప్ప వేరేది తీసుకోకండి.

మే 17 వాళ్ల రాజ్యాంగ దినం. ఆ రోజూ, ఈస్టర్ సెలవుల్లోనూ బస్సులూ పడవలూ సెలవు రోజు వేళలకు నడుస్తాయి. తేదీ దగ్గర్లో ఉంటే జాగ్రత్త.

2. ఒక్కరోజులో చుట్టి వస్తారా, రాత్రి ఉంటారా తేల్చుకోండి.

బెర్గెన్ నుంచి ఒక్కరోజు చుట్టు ఇలా ఉంటుంది. బెర్గెన్ నుంచి మిర్దాల్‌కు రైలు, రెండు గంటలకు కాస్త పైన. మిర్దాల్ నుంచి ఫ్లోమ్‌కు కొండరైలు, గంట లోపు. ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్‌కు పడవ, రెండు గంటలు. గుడ్వాంగెన్ నుంచి వోస్‌కు బస్సు, గంటా పావు దాకా. వోస్ నుంచి బెర్గెన్‌కు రైలు, మరో గంటా పావు. కదిలే సమయమే ఎనిమిది గంటలు, ఎదురుచూపులు కలిపితే పది పన్నెండు. చేయగలిగిందే. కానీ పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే వద్దంటాం.

రాత్రి ఫ్లోమ్‌లోనో, పక్కనున్న ఔర్లాండ్‌లోనో ఉంటే లాభం విశ్రాంతి ఒక్కటే కాదు. వేసవిలో ఫ్లోమ్‌కు వేలమందిని మోసే క్రూజ్ ఓడలు వస్తాయి. ఉదయం పదీ పదకొండు నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ఆ చిన్న ఊరు కిటకిటలాడుతుంది. అక్కడే నిద్ర లేచినవాళ్లు మొదటి పడవో, సాయంత్రం పడవో పట్టుకోగలరు. అదే నీళ్లు, అవే కొండలు, జనం సగం కూడా ఉండరు. ఏ రోజు ఎన్ని క్రూజ్ ఓడలొస్తాయో రేవు వెబ్‌సైట్‌లో ముందే ఉంటుంది. హోటల్ తేదీ ఖరారు చేసే ముందు ఆ జాబితా ఒకసారి చూడండి.

3. దిశ ఎంచుకోండి.

ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్‌కు వెళ్లడమే మేలు. మొదటి గంట ఔర్లాండ్స్‌ఫ్యోర్డ్ వెడల్పుగా ఉంటుంది. రెండో గంటలో నేరోయ్‌లోకి తిరిగాక గోడలు దగ్గరకు జరుగుతూ వస్తాయి. చూడాల్సింది చివర్లో వస్తుంది. ఎదురు దిశలో అసలు ఇరుకంతా మొదట్లోనే అయిపోతుంది. వేళలు అటే కుదిరితే మాత్రం దిశ కోసం ప్రయాణం మానుకోకండి, దారి అదే.

4. ముందు పడవ, తర్వాత కొండరైలు, ఆఖర్న మిగతావి బుక్ చేయండి.

వేసవిలో ముందుగా నిండేవి ఫ్లోమ్ కొండరైలు, పడవ. ఈ రెండిటి వేళలు కుదిర్చాక వాటి చుట్టూ పెద్ద రైలు టికెట్లు కొనండి. బెర్గెన్–ఓస్లో రైల్లో తక్కువ ధర సీట్లు పరిమితంగా ఉంటాయి. సాధారణంగా మూడు నెలల ముందు అమ్మకానికి వస్తాయి, తొందరగా పోతాయి. గుడ్వాంగెన్–వోస్ బస్సు పడవ వేళలకు కలిపి నడుస్తుంది.

ఇవన్నీ కలిపి "నార్వే ఇన్ ఎ నట్‌షెల్" పేరుతో ఒకే టికెట్టుగా కూడా అమ్ముతారు. ఎక్కేవి అవే రైళ్లు, అవే పడవలు, వెంట గైడు ఎవరూ రారు. విడివిడిగా కొంటే చాలాసార్లు చవక, వేళలు మీ ఇష్టం. కాకపోతే ఒక రైలు ఆలస్యమై పడవ తప్పితే తర్వాతి టికెట్టు సంగతి మీరే చూసుకోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు, ఒక్కరోజులోనే చుట్టాలనుకునేవాళ్లు కలిపి కొన్నా తప్పు లేదు.

5. మధ్య వ్యవధి లెక్కేయండి.

రైలు దిగడానికీ పడవ ఎక్కడానికీ మధ్య కనీసం 45 నిమిషాలు పెట్టుకోండి. ఫ్లోమ్‌లో రైల్వే స్టేషనూ రేవూ పక్కపక్కనే, నడక అయిదు నిమిషాలు కూడా లేదు. అయినా ఎందుకంటే బెర్గెన్ లైను ఒంటి పట్టాల దారి, ఒక బండి ఆలస్యమైతే ఎదురుబండీ ఆగుతుంది. వేసవిలో పట్టాల మరమ్మతుల కోసం కొన్ని రోజులు రైలు బదులు బస్సు వేస్తారు. టికెట్టు మీదో యాప్‌లోనో "బుస్ ఫోర్ తోగ్" అని కనిపిస్తే అర్థం అదే. బస్సులో అదనపు సమయం పడుతుంది, వ్యవధి మళ్లీ లెక్కేసుకోండి.

6. వేళల పట్టిక చదవడం నేర్చుకోండి.

తప్పులు ఎక్కువ ఇక్కడే. పట్టికలన్నీ 24 గంటల లెక్కలో ఉంటాయి. తేదీలో రోజు ముందు, నెల తర్వాత, మనలాగే. వారం రోజులకు 1 నుంచి 7 అంకెలు, 1 సోమవారం, 7 ఆదివారం. "డీఎక్స్67" అని ఉంటే శని, ఆదివారాలు తప్ప రోజూ అని అర్థం. ఇది తెలియక శనివారం పొద్దున రేవులో నిలబడేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు.

ఇంకో నాలుగు మాటలు: "అవ్‌గాంగ్" అంటే బయల్దేరే వేళ, "అంకోమ్‌స్ట్" చేరే వేళ, "ఫోర్‌సింకెట్" ఆలస్యం, "ఇన్‌స్టిల్ట్" రద్దు. చిన్న రేవుల పక్కన ముందుగా ఫోన్ చేసి చెప్పాలన్న గమనిక ఉంటే, ఎక్కేవాళ్లున్నారని చెబితే తప్ప పడవ అక్కడ ఆగదు. ఒడ్డున చెయ్యి ఊపితే చాలదు.

7. ముందురోజు రాత్రి మూడు సంగతులు సరిచూడండి.

ఎంటూర్‌లో రేపటి తేదీ పెట్టి మొత్తం దారి మళ్లీ వెతకండి. నెల క్రితం చూసిన వేళ మీద ఆధారపడొద్దు. ఇర్‌లో ఫ్లోమ్, గుడ్వాంగెన్ రెండు ఊళ్లకూ గంటగంటకీ వాతావరణం చూడండి. బెర్గెన్‌లో వాన ఉందంటే లోపలి ఫ్యోర్డులోనూ ఉంటుందని లేదు, చాలాసార్లు లోపల పొడిగా ఉంటుంది. మూడోది, టికెట్టు మీద ఎక్కే ఊరు, దిగే ఊరు. ఫ్లోమ్–గుడ్వాంగెన్ బదులు గుడ్వాంగెన్–ఫ్లోమ్ కొనేసిన టికెట్లు తక్కువేమీ కాదు.

సన్నని వాన, కొండల నడుమ మబ్బు ఉంటే రద్దు చేసుకోకండి. నేరోయ్ ఆ వాతావరణంలోనే గంభీరంగా కనిపిస్తుంది, గోడల మీద అప్పటికప్పుడు కొత్త ధారలు పుట్టుకొస్తాయి. మబ్బు నీటి మట్టం దాకా దిగి ఎదుటి ఒడ్డు కనిపించకపోతే మాత్రం తర్వాతి పడవకు మారండి.

8. పెద్ద సామాను వదిలించుకోండి.

కొండరైల్లో, బస్సులో రెండేసి పెద్ద సూట్‌కేసులతో తిరగడం నరకం. బెర్గెన్, ఓస్లోల మధ్య వెళ్లేవాళ్ల కోసం హోటల్ నుంచి హోటల్‌కు సామాను చేరవేసే సేవ ఉంది. బెర్గెన్‌కే తిరిగొచ్చేట్టయితే హోటల్లోనో స్టేషన్ లాకర్‌లోనో పెట్టేయండి. వెంట ఒక్క వీపుసంచి చాలు.

9. పడవ ఎక్కండి: ఎప్పుడు, ఎక్కడ, ఏ వైపు.

సీటు నంబర్లుండవు. ఇరవై, ముప్పై నిమిషాల ముందు వరుసలో నిలబడితే నచ్చిన చోటు దొరుకుతుంది. ఈ దారిలో నడిచే కొత్త పడవలు విద్యుత్తుతో నడుస్తాయి. 2018లో వచ్చిన "ఫ్యూచర్ ఆఫ్ ద ఫ్యోర్డ్స్" పూర్తిగా బ్యాటరీ పడవ. ఇంజిన్ మోత లేకపోవడం చిన్న విషయం కాదు, జలపాతం చప్పుడు మైలు దూరం నుంచే వినిపిస్తుంది. ప్రపంచ వారసత్వ ఫ్యోర్డుల్లో 10,000 టన్నుల లోపు ప్రయాణికుల ఓడలు పొగ లేకుండా నడవాలన్న నియమం 2026లో అమల్లోకి వచ్చింది. పెద్ద ఓడలకు 2032 దాకా గడువుంది.

ఫ్లోమ్ నుంచి బయల్దేరినప్పుడు కుడివైపు ముందు ఔర్లాండ్ ఊరు. దాని పైన, నీటికి 650 మీటర్ల ఎత్తున, కొండ అంచు దాటి 30 మీటర్లు బయటికి సాగిన స్టేగస్టైన్ వేదిక చుక్కలా కనిపిస్తుంది. తర్వాత ఎడమవైపు ఉండ్రెదాల్. మేకపాల జున్నుకూ (చీజ్), నలభై మంది పట్టే చిన్న చెక్క చర్చికీ పేరున్న ఊరది. ఆ తర్వాత పడవ ఎడమకు తిరిగి నేరోయ్‌లోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ఏ వైపన్నది పట్టింపు కాదు, రెండు గోడలూ దగ్గరే. ముందు భాగానికి చేరండి.

గైరాంగెర్ నుంచి హెల్లెసిల్ట్ వెళ్తే సెవెన్ సిస్టర్స్ కుడివైపు, దాని ఎదురుగా సూటర్ అనే జలపాతం ఎడమవైపు. ఎదురు దిశలో తారుమారు.

చేయకూడని పని ఒకటి. మొదటి గంటంతా ముందు డెక్ మీద గాలికి నిలబడి, వణికి, నేరోయ్ మొదలయ్యే వేళకు లోపలికెళ్లి కాఫీతో కూర్చోవడం. పడవలో సగంమంది చేసేది ఇదే. వరుస తిప్పండి. మొదటి గంటలో లోపలికీ బయటికీ వస్తూ పోతూ ఉండండి, రెండో గంట మొత్తం బయట ఉండండి. చలి బాగా ఉంటే వెనక డెక్‌కు వెళ్లండి, అక్కడ గాలి తగలదు, దాటివచ్చిన గోడలు రెండు పక్కలా మూసుకుంటున్నట్టు కనిపిస్తాయి.

గోదావరి లాంచీల్లో ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోమంటారు. ఇక్కడ ఎవరికీ ఇవ్వరు, వేసుకోరు. అవి గుర్తులు వేసిన పెట్టెల్లో ఉంటాయి. ఎక్కగానే ఆ పెట్టె ఎక్కడుందో, పిల్లల సైజువి ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. భద్రతా ప్రకటన వచ్చినప్పుడు వినండి.

10. తిండి సంగతి.

పడవ కెఫేలో దొరికేవి కాఫీ, బన్నులు, శాండ్‌విచ్‌లు, సాసేజ్‌లు. పూర్తి శాకాహారులకు జున్ను శాండ్‌విచ్ ఖాయం, వేడివేడిది ఖాయం కాదు. పశ్చిమ తీరపు కారు ఫెర్రీల్లో "స్వేలె" తప్పక తినాలి. మజ్జిగ లాంటి పులిసిన పాలతో, మైదాతో పెనం మీద కాల్చిన మెత్తని మందపాటి అట్టు అది. మధ్యలో వెన్నా చక్కెరో, గోధుమరంగు తియ్య జున్నో పెట్టి మడిచి ఇస్తారు. ఇందులో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని వాళ్లు గమనించాలి.

మధ్యాహ్న భోజనం వెంట తెచ్చుకోవడమే ఉత్తమం. ముందురోజు సూపర్‌మార్కెట్‌లో రొట్టె, పెరుగు, పండ్లు కొనండి, కందిపొడి మీ సంచిలో ఉండనే ఉంది. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, శనివారమే కొనాలి. నీళ్ల సీసా కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు.

ఫోటోల్లో కొండలు చిన్నగా ఎందుకొస్తాయి

కళ్లకు గోడల్లా కనిపించిన కొండలు ఫోటోలో గుట్టల్లా వస్తాయి. ఫోన్‌లోని 0.5 లెన్స్ (ఎక్కువ వెడల్పు చూపేది) వాడటమే కారణం, అది దూరపు కొండను ఇంకా దూరం నెడుతుంది. మామూలు లెన్సు లేదా రెండింతల జూమ్ వాడి, కొండ పాదంలో ఉన్న ఎర్ర ఇల్లో, ఎదురొచ్చే పడవో ఫ్రేములో ఉంచండి. అప్పుడే ఎత్తు తెలుస్తుంది. ఫోన్ నిలువుగా పట్టుకోండి. నీటి తుంపర లెన్సు మీద పడితే చిత్రం మసకబారుతుంది, జేబులో పొడిగుడ్డ ఉంచుకుని రెండు నిమిషాలకోసారి తుడవండి. కిటికీ అద్దం లోంచి తీసినవాటిలో ప్రతిబింబమే ఎక్కువ కనిపిస్తుంది. బయటికి రండి.

కారుతో వెళ్లేవాళ్లకు

నార్వేలో కారు ఫెర్రీ అంటే రోడ్డులో ఒక ముక్క. చాలా చోట్ల బుకింగ్ ఉండదు, వచ్చిన వరుసలో ఎక్కిస్తారు. డబ్బు కారు పొడవును బట్టి, నంబరు ప్లేటునో లోపలి ట్యాగునో కెమెరా చదివి వసూలు చేస్తారు. అద్దె కారైతే బిల్లు అద్దె కంపెనీ ద్వారా తర్వాత వస్తుంది. కారు తీసుకునేటప్పుడే ఫెర్రీ చార్జీలు ఎలా వేస్తారో అడిగి తెలుసుకోండి. గైరాంగెర్–హెల్లెసిల్ట్‌కు మాత్రం వేసవిలో ముందే బుక్ చేయాలి, పాపం చాలామంది రేవులో ఒక ఫెర్రీ పోగొట్టుకుని తర్వాతిదాని కోసం కూర్చుంటారు.

ఎక్కాక: ఇంజిన్ ఆపండి, గేరు పార్క్‌లో, హ్యాండ్ బ్రేక్ గట్టిగా, లైట్లు ఆపి, అలారం తీసేయండి. పడవ ఊగినప్పుడు మోగే కారు అలారం మీదేనని అందరికీ తెలిసిపోతుంది. జాకెట్లు, కెమెరా, పిల్లల సంచి అప్పుడే తీసుకుని పైకి వెళ్లండి. దూరప్రయాణాల్లో మధ్యలో కారు దగ్గరకు తిరిగి వెళ్లనివ్వరు.

ఫ్లోమ్–గుడ్వాంగెన్ పడవల్లో కారు ఎక్కించలేరు. కారు ఫ్లోమ్‌లో పెట్టి, పడవలో గుడ్వాంగెన్ వెళ్లి, బస్సులో వెనక్కి రండి. రోడ్డు దూరం 20 కిలోమీటర్లే, చాలాభాగం సొరంగాలు, ఇరవై నిమిషాలు. పడవ తప్పిపోయిన రోజు కూడా ఇదే దారి ఆదుకుంటుంది. ఫ్లోమ్‌లో పడవ వెళ్లిపోయి, వోస్ నుంచి రైలు మాత్రం తప్పకూడదు అనుకుంటే, రోడ్డు మీదుగా వోస్ వెళ్లే బస్సు కోసం ఎంటూర్‌లో చూడండి.

గైరాంగెర్‌కు మే మొదట్లో వెళ్లేవాళ్లకు హెచ్చరిక. దక్షిణం నుంచి కొండ దాటి దిగే 63వ నంబరు రోడ్డు చలికాలమంతా మూసి ఉంటుంది, మంచు తొలగించాకే తెరుస్తారు. మ్యాప్ యాప్ చూపించే సమయం తెరిచి ఉన్న రోడ్డు లెక్క. బయల్దేరే ముందు రోడ్ల శాఖ పేజీలో తెరిచారో లేదో చూసుకోండి.

తీరనౌక మీద ఒక్క పూట

1893లో మొదలైన బెర్గెన్–కిర్కెనెస్ తీరమార్గంలో 34 రేవులున్నాయి, పోయిరావడానికి 12 రోజులు. ఇప్పుడు హుర్తిగ్రూటెన్, హవిలా అనే రెండు సంస్థల నౌకలు పంచుకుని నడుపుతున్నాయి. చాలామందికి తెలియని సంగతేమిటంటే ఇది ఇప్పటికీ స్థానికులు బస్సులా ఎక్కే సర్వీసు. ఒక రేవు నుంచి మరో రేవుకు మాత్రమే టికెట్టు కొనొచ్చు, పగటి ప్రయాణానికి క్యాబిన్ అక్కర్లేదు.

ఒక్క పూటకే అయితే ఉత్తర నార్వేలోని బోడో నుంచి లోఫోటెన్ దీవుల్లోని స్వోల్వేర్ వరకు, ఉత్తరానికి వెళ్లే నౌకలో తీసుకోండి. మధ్యాహ్నం బయల్దేరి రాత్రి తొమ్మిది ప్రాంతంలో దిగుతారు. లోఫోటెన్ దీవుల కొండలు సముద్రంలోంచి గోడలా లేచి వస్తాయి. జూన్‌లో అయితే చీకటే పడదు. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, ఇది ఫ్యోర్డు కాదు, వెస్ట్‌ఫ్యోర్డెన్ అని పేరున్నా తెరిచిన సముద్రమే. గాలి ఉన్న రోజు నౌక బాగా ఊగుతుంది. వాంతుల మాత్ర డాక్టరును అడిగి వెంట తెచ్చుకుని, ఊగడం మొదలయ్యాక కాదు, ఎక్కే ముందే వేసుకోండి. కింది అంతస్తులో నౌక మధ్యభాగంలో కూర్చోండి, కళ్లు దూరపు ఒడ్డు మీద ఉంచండి, ఫోన్ చూడకండి. రెండోది, ఇరుకైన ట్రోల్‌ఫ్యోర్డ్ ఈ ముక్కలో వస్తుందనుకోవడం. అది స్వోల్వేర్ దాటాక, స్టోక్‌మార్క్‌నెస్‌కు వెళ్లే దారిలో ఉంది. దానికోసమే ఎక్కితే టికెట్టు స్టోక్‌మార్క్‌నెస్ దాకా తీసుకోవాలి. అక్కడ అర్ధరాత్రి దాటాక దిగాలి కాబట్టి గది ముందే మాట్లాడుకుని, ఎన్నింటికి వస్తారో చెప్పి ఉంచండి. వాతావరణం బాగోకపోతే కెప్టెన్ ట్రోల్‌ఫ్యోర్డ్‌లోకి తిప్పకుండానే పోవచ్చు, చలికాలంలో లోపలికి వెళ్లరు.